చదరంగపు గళ్ళలోని సంఖ్య
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగపాఠం)



"లెక్కల మీద నాలుగు మాటలు చెప్పండి, కాని జనం లేచిపోకుండా చెప్పండి" అని కార్యదర్శిగారు నన్ను కోరారు. మొదటిది నా చేతిలో పని. రెండోది మీ దయ. అందుచేత ఎక్కువ విషయాల జోలికి పోకుండా, ఇవాళ ఒకే ఒక్క సంఖ్య గురించి మనవి చేస్తాను. ఆ సంఖ్య యిది:

1,84,46,74,40,73,70,95,51,615.

మొత్తం 20 అంకెలు. కోటిని కోటితో హెచ్చవేస్తే కోటికోట్లు అంటాం గదా, అటువంటి కోటికోట్లు ఒక లక్షా 84 వేల 467, ఆ పైన కొసరు. చూడగానే యిది మన తాహతుకు మించినదనిపిస్తుంది. కాని తొమ్మిదో తరగతి చదివే పిల్ల కాగితం, పెన్సిలు తీసుకుని దీన్ని చాలావరకు ముక్కలు చేయగలదు. దీనికి దగ్గరలోనే యింకో సంఖ్య వున్నది. అది దీనికి ఎనిమిది రెట్లు, అంతే. దాన్ని విడగొట్టడానికి మాత్రం పండితులకు తరాలు పట్టాయి. రెండూ పెద్దవే అయినప్పుడు ఒకటి ఎందుకు లొంగింది, రెండోది ఎందుకు మొరాయించింది? ఈ సంగతి తెలిస్తే మీ బ్యాంకు డబ్బు యివాళ దేని కాపలాలో వుందో కూడా తెలుస్తుంది.

రాజుగారి బహుమానం

ఈ సంఖ్య పుట్టింది చదరంగం బల్ల మీద. కథ మీలో చాలామందికి తెలిసిందే. చదరంగాన్ని కనిపెట్టినవాడు రాజుగారిని ఒక చిన్న కోరిక కోరాడట. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, యిలా గడిగడికీ రెట్టింపు చేస్తూ 64 గళ్ళూ నింపి యిప్పించమన్నాడు. రాజు నవ్వాడు. లెక్క వేయించాక ఆ నవ్వు ఆగిపోయింది.

ఈ కథను 13వ శతాబ్దంలో ఇబ్న్ ఖల్లికాన్ తన జీవితచరిత్రల గ్రంథంలో రాశాడు. ఆయన దమాస్కస్‌లో కాజీగా పనిచేసినవాడు, సాక్ష్యం లేనిదే నమ్మే మనిషి కాడు. గింజలు అంత అవుతాయంటే మొదట ఆయనకూ నమ్మకం కుదరలేదు. అలెగ్జాండ్రియాలో లెక్కలు తెలిసిన మనిషి ఒకరు కాగితం మీద రెట్టింపులు వేసి చూపించాడు. పదహారో గడికి 32,768 గింజలు వచ్చాయి. దాన్ని ఒక కొలపాత్రగా పెట్టుకుని, అక్కడినుంచి పాత్రలుగా, రాశులుగా లెక్క కట్టుకుంటూ పోయాడు. అప్పుడుగాని కాజీగారు ఒప్పుకోలేదు.

మనమూ ఒకసారి లెక్క వేద్దాం. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే, ఆ గళ్ళలోని బియ్యం సుమారు 36,900 కోట్ల టన్నులు. ఈనాడు ప్రపంచమంతా కలిసి ఏడాదికి పండించే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన. అంటే దాదాపు 700 ఏళ్ళ పంట!

ఇక్కడ పెద్దలతో ఒక మాట. "మీరు ఇద్దరిని చేర్పించండి, వాళ్ళు చెరో ఇద్దరిని చేర్పిస్తారు, అందరికీ డబ్బే డబ్బు" అంటూ ఇంటికి వచ్చేవారి లెక్క కూడా ఈ చదరంగపు లెక్కే. 34వ గడికి చేరేసరికి 858 కోట్ల మంది కావాలి. ఈ భూమ్మీద అంతమంది లేరు. ఎవరో ఒకరు ఖాళీ చేతులతో మిగలక తప్పదు. వచ్చినవారిని ఆ గడిదాకా లెక్క వేసి చూపించమని అడగండి.

అల్-బిరూనీ ఆరు మెట్లు

క్రీ.శ. 1000 ప్రాంతంలో అల్-బిరూనీ ప్రాచీన జాతుల కాలగణన గురించి ఒక గ్రంథం రాశాడు. అందులో ఈ చదరంగపు మొత్తాన్ని ఆఖరి అంకెదాకా యిచ్చాడు. 63 సార్లు రెట్టింపు చేసి, 64 సంఖ్యలూ కూడితే ఎక్కడో ఒకచోట చెయ్యి తప్పుతుంది. ఆయన ఆ శ్రమ లేని దారి చూపాడు.

మొదటి సంగతి. ఏ గడి వరకైనా మొత్తం గింజలు, ఆ తరువాతి గడిలోని గింజలకు సరిగ్గా ఒకటి తక్కువ. 1, 2, 4 కూడితే 7. తరువాతి గడిలో 8. కాబట్టి లేని 65వ గడిని ఊహించుకుని, అందులోని సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే చాలు.

రెండో సంగతి. ఒక గడిలోని సంఖ్యను దానితోనే హెచ్చవేస్తే, మొదటి గడినుంచి అంతకు రెట్టింపు దూరంలో వున్న గడికి గెంతుతాం. 2ను 2తో హెచ్చవేస్తే 4. నాలుగు నాలుగులు 16. పదహారు పదహార్లు 256. దాని వర్గం 65,536. దాని వర్గం 4,29,49,67,296. దాని వర్గం 1,84,46,74,40,73,70,95,51,616. ఆరే ఆరు గుణకారాలు! ఒకటి తీసేస్తే మన సంఖ్య వచ్చేసింది.

ఈ ఆరు మెట్లనూ గుర్తు పెట్టుకోండి. ఎక్కిన మెట్ల మీదుగానే యిప్పుడు దిగబోతున్నాం.

విడగొట్టడం

1తోనూ తనతోనూ తప్ప దేనితోనూ భాగింపబడనిది ప్రధాన సంఖ్య: 2, 3, 5, 7, 11 వంటివి. చిన్న సంఖ్యల గుణకారంగా విడిపోయేది సంయుక్త సంఖ్య: 15 అంటే 3 × 5. ఆ 3, 5 దాని కారణాంకాలు. ప్రతి సంయుక్త సంఖ్యా ప్రధాన సంఖ్యల ఇటుకలతో కట్టిన గోడ వంటిది. ఏ గోడలో ఏ ఇటుకలు వున్నాయన్నది మారదు.

బడిలో నేర్చుకున్న సూత్రం ఒకటి యిక్కడ పనికి వస్తుంది. ఒక సంఖ్య వర్గంలోంచి 1 తీసేస్తే వచ్చేది, ఆ సంఖ్యకు ఒకటి తక్కువనూ ఒకటి ఎక్కువనూ హెచ్చవేసిన ఫలం. పది పదులు వందలోంచి ఒకటి తీస్తే 99, అది 9 × 11. మన సంఖ్య కూడా ఒక వర్గంలోంచి ఒకటి తీసినదే గదా. కాబట్టి అది 4,29,49,67,295 × 4,29,49,67,297.

మొదటి ముక్క మళ్ళీ 65,536 వర్గానికి ఒకటి తక్కువ. అది 65,535 × 65,537. ఆ 65,535 మళ్ళీ 255 × 257. ఆ 255 అంటే 15 × 17. ఆ 15 అంటే 3 × 5. అల్-బిరూనీ ఎక్కిన మెట్లే మనం దిగాం. 3, 5, 17, 257, 65,537 చేతికి వచ్చాయి. ఐదూ ప్రధాన సంఖ్యలే.

ఇంకా 4,29,49,67,297 మిగిలింది. ఇది వర్గానికి ఒకటి ఎక్కువ, తక్కువ కాదు. కాబట్టి మన సూత్రం దీనికి పనిచేయదు. సరిగ్గా యిక్కడే ఒక మహా గణితవేత్త కాలు జారాడు.

ఫెర్మా మాట, ఆయిలర్ లెక్క

ఫ్రాన్సు దేశపు ఫెర్మా వృత్తి చేత న్యాయవేత్త, గణితంలో ఆ కాలంలో అగ్రగణ్యుడు. 3, 5, 17, 257, 65,537 వరుసగా ప్రధానాలు కావడం చూసి, ఇదే తీరుగా వచ్చే తరువాతి సంఖ్యలు కూడా అన్నీ ప్రధానాలేనని తన నమ్మకాన్ని 1640లో ఉత్తరాలలో రాశాడు. ఋజువు మాత్రం యివ్వలేకపోయాడు.

దాదాపు 90 ఏళ్ళు ఆ మాట అలాగే నిలిచింది. 1729లో గోల్డ్‌బాక్ అనే పండితుడు, ఫెర్మా చెప్పినది నిజమేనా అని ఆయిలర్‌కు ఉత్తరం రాశాడు. ఆయిలర్ అప్పుడు ఇరవై రెండేళ్ళ యువకుడు, రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో వున్నాడు. 1732లో జవాబు ప్రకటించాడు: 4,29,49,67,297 ప్రధానం కాదు, 641తో నిశ్శేషంగా భాగింపబడుతుంది.

641 గాలిలోంచి వచ్చింది కాదు. ఈ సంఖ్యకు ప్రధాన కారణాంకం ఏదైనా వుంటే, అది 64తో భాగిస్తే 1 శేషం వచ్చేదే కావాలి. ఆ నియమాన్ని ఆయిలరే తరువాత ఋజువు చేశాడు. అటువంటి ప్రధానాలను వరుసగా రాయండి: 193, 257, 449, 577, 641. వేల కొద్దీ భాగహారాలు చేయనక్కరలేదు. ఐదోదానితోనే పని అయిపోతుంది!

పిల్లలూ, మీరు సరిచూడండి. 67,00,417ను 600తో హెచ్చవేస్తే 402,02,50,200. నలభైతో హెచ్చవేస్తే 26,80,16,680. ఒకటితో 67,00,417. మూడూ కూడండి. సరిగ్గా 4,29,49,67,297 వస్తుంది. ఫెర్మా ఎంత గొప్పవాడైనా ఈ కూడిక ముందు నిలవలేడు. ఆయన గొప్పతనానికి దీనివల్ల లోటు లేదు. కాని ఎవరన్నారు అన్నది ఒక సంగతి, లెక్క ఏమంటోంది అన్నది ఇంకో సంగతి.

దీనితో మన సంఖ్య పూర్తిగా విడిపోయింది:

3 × 5 × 17 × 257 × 641 × 65,537 × 67,00,417.

ఏడు ప్రధానాలు, ఒక్కొక్కటీ ఒక్కసారే. ఒక్కొక్కదాన్ని తీసుకోవడమా మానడమా అని రెండేసి దారులు. ఏడు రెండ్లను హెచ్చవేస్తే 128. కాబట్టి మన సంఖ్యను నిశ్శేషంగా భాగించే సంఖ్యలు, ఒకటీ తానూ కలుపుకుని, సరిగ్గా 128. చదరంగపు గళ్ళకు రెట్టింపు.

మూడు గళ్ళు ఎక్కువైతే

ఇప్పుడు బల్లకు ఇంకో మూడు గళ్ళు తగిలిద్దాం. 67 గళ్ళు. మొత్తం గింజలు 14,75,73,95,25,89,67,64,12,927. మన సంఖ్యకు ఎనిమిది రెట్లు వేసి 7 కలిపితే వచ్చేది యిదే. ఒక్క అంకె పెరిగింది, అంతే. కాని దీనికి మెట్లు లేవు.

ఎందుకు లేవో బల్లను చూస్తే తెలుస్తుంది. 64 గళ్ళను ఎనిమిదేసి చొప్పున ఎనిమిది వరుసలుగా పేర్చవచ్చు. మొదటి వరుస మొత్తం 255. రెండో వరుసలో ప్రతి గడీ పై గడికి 256 రెట్లు కాబట్టి, రెండో వరుస మొత్తం 255కు 256 రెట్లు. మూడో వరుసా అంతే, ఆఖరి వరుసా అంతే. అన్ని వరుసలూ 255తో భాగింపబడితే మొత్తం కూడా భాగింపబడాలి గదా. ఇదే అతుకు. 67 ప్రధాన సంఖ్య. 67 గళ్ళను సమానమైన వరుసలుగా ఎవరూ పేర్చలేరు. కాబట్టి ఆ అతుకు కనపడదు.

అతుకు కనపడనంత మాత్రాన ప్రధానమైపోదు. 11 గళ్ళ మొత్తం 2,047. పదకొండు కూడా ప్రధానమే. అయినా 2,047 అంటే 23 × 89.

మెర్సేన్ అనే ఫ్రెంచి సన్యాసి 1644లో ఒక పట్టిక ప్రకటించాడు. ఎన్ని గళ్ళకు మొత్తం ప్రధానం అవుతుందో అందులో చెప్పాడు. ఆ పట్టికలో 67 వుంది. రెండు వందల ఏళ్ళకు పైగా ఆ పట్టిక చెలామణి అయింది. 1876లో లూకాస్ అనే ఫ్రెంచి గణితవేత్త, 67 గళ్ళ మొత్తం సంయుక్తమేనని ఋజువు చేశాడు. మరి కారణాంకాలేవి అంటే, ఆయనకూ తెలియవు!

కారణాంకాలు తెలియకుండా సంయుక్తమని ఎలా చెప్పడం? చిన్న ఉదాహరణ. ఫెర్మాయే కనిపెట్టిన నియమం ఒకటి వుంది. 15 ప్రధానమైతే, 14 రెండ్లను హెచ్చవేసి ఒకటి తీసేస్తే 15తో నిశ్శేషంగా పోవాలి. అలా చేస్తే 16,383 వస్తుంది. 15తో భాగిస్తే 3 మిగులుతుంది. కాబట్టి 15 ప్రధానం కాదు. ఇందులో ఎక్కడా మూడు ఐదులు పదిహేను అనలేదు. లూకాస్ వాడిన పరీక్ష వేరు, తత్వం మాత్రం యిదే. ఇంట్లో ఎవరో వున్నారని చప్పుడును బట్టి తెలుస్తుంది, ఎవరన్నది మాత్రం తెలియదు.

ఇంకో 27 ఏళ్ళు గడిచాయి. 1903 అక్టోబరులో న్యూయార్క్‌లో అమెరికన్ గణిత సంఘం సమావేశం జరిగింది. కొలంబియా విశ్వవిద్యాలయం ఆచార్యుడు ఫ్రాంక్ నెల్సన్ కోల్ ఆ కారణాంకాలను అక్కడ బయటపెట్టాడు. తరువాతి కాలంలో బెల్ అనే గణిత రచయిత రాసినదాని ప్రకారం, కోల్ నోరు విప్పి ఒక్క మాట మాట్లాడలేదు. బోర్డు మీద ఒక పక్క 67 గళ్ళ మొత్తం కట్టాడు. రెండో పక్క 19,37,07,721ను 7,61,83,82,57,287తో హెచ్చవేశాడు. రెండు పక్కలా ఒకటే వచ్చింది. వచ్చి కూర్చున్నాడు. సభ చప్పట్లు కొట్టింది. ఎంతకాలం పట్టిందని తరువాత బెల్ అడిగితే, మూడేళ్ళ ఆదివారాలన్నీ పట్టాయన్నాడట.

ఆదివారాలంటే ఉత్త ఓపిక అనుకునేరు. ఈ సంఖ్య కారణాంకాలు 134తో భాగిస్తే 1 శేషం వచ్చేవే కావాలి. 8తో భాగిస్తే శేషం 1 గాని 7 గాని రావాలి. ఇలా వడకట్టి, 3, 5, 7లతో పోయేవి కూడా తీసేసినా, చిన్న కారణాంకం చేరేలోపు 3 లక్షలకు పైగా అంకెలు మిగులుతాయి. ఒక్కొక్క భాగహారానికి పది నిమిషాలు, ఆదివారానికి పది గంటల చొప్పున చేస్తే నూరేళ్ళు దాటుతుంది. కోల్ దాన్ని మూడేళ్ళకు దించాడంటే, ఇంకా సన్నని జల్లెడలు పట్టాడన్నమాట.

ఆయన లెక్కను మీరు యిక్కడే కొంత పరీక్షించవచ్చు. మొదటి కారణాంకం అంకెలు కూడితే 37, మళ్ళీ కూడితే 10, మళ్ళీ 1. రెండో దాని అంకెలు కూడితే 64, అది 10, అది 1. ఒకట్ల ఒకటి ఒకటి. 67 గళ్ళ మొత్తం అంకెలు కూడండి: 109, అది 10, అది 1. సరిపోయింది. ఇది పూర్తి ఋజువు కాదు సుమా. తప్పు లెక్క కూడా ఒక్కోసారి ఈ పరీక్ష దాటిపోతుంది. ఇంటికి వెళ్ళి పూర్తిగా హెచ్చవేసి చూడండి, ఒక పేజీ చాలు.

మన జేబులోని తాళం

హెచ్చవేయడానికి ఒక పేజీ, విడగొట్టడానికి మూడేళ్ళు. ఈ తేడానే 1977లో రివెస్ట్, షమీర్, ఆడెల్‌మన్ అనే ముగ్గురు తాళంగా మలిచారు. రెండు పెద్ద ప్రధానాలను హెచ్చవేసి ఫలాన్ని అందరికీ చెప్పవచ్చు. తాళం వేయడానికి అది చాలు. తీయడానికి మాత్రం ఆ రెండు ప్రధానాలు తెలిసి వుండాలి. ఆ సంవత్సరమే వారు 129 అంకెల సంఖ్య ఒకటి పత్రికలో వేయించి, విడగొట్టమని లోకానికి సవాలు విసిరారు. కోట్ల ఏళ్ళు పడుతుందనుకున్నారు. 1994లో సుమారు 600 మంది తమ కంప్యూటర్లను కలిపి, ఎనిమిది నెలలలో విడగొట్టారు. 2020లో 250 అంకెల సంఖ్య కూడా విడిపోయింది. ఈనాడు ఈ పద్ధతిలో సాధారణంగా వాడే తాళం 617 అంకెలది. సరిగా ఎంచుకున్న అటువంటి సంఖ్యను ఎవరూ విడగొట్టినట్లు ప్రకటించలేదు. మీ సెల్‌ఫోను బ్యాంకుతో మాట్లాడేటప్పుడు ఈ రకం తాళాలు కాపలా కాస్తుంటాయి. చదరంగపు సంఖ్యవంటిదాన్ని తాళంగా పెడితే, ఎంత పెద్దదైనా బడిపిల్ల తెరిచేస్తుంది. తాళం బలమంతా దాని కట్టుబడిలోనే వుంది.

ఈ కథలో మన దేశం వాటా కూడా వున్నది. ఎంత పెద్ద సంఖ్యనైనా, ఏ ఊహ మీదా ఆధారపడకుండా, అది ప్రధానమా కాదా అని తొందరగా తేల్చే పద్ధతిని 2002లో కాన్పూరు ఐ.ఐ.టి.లో మణీంద్ర అగర్వాల్, ఇద్దరు విద్యార్థులు నీరజ్ కయాల్, నితిన్ సక్సేనా కనిపెట్టారు. ఆ ఇద్దరూ అప్పుడప్పుడే డిగ్రీ పూర్తిచేసిన కుర్రవాళ్ళు. అది కూడా లూకాస్ చెప్పినంతే చెప్తుంది: ప్రధానమా, సంయుక్తమా అని. కారణాంకాలు చెప్పదు.

పెద్దలారా, మన ఇళ్ళలో పదో తరగతి కాగానే "లెక్కలు మనవల్ల కాదు" అని మానేసే పిల్లలున్నారు. "ఆడపిల్లకు లెక్కలెందుకు" అని మాన్పించే ఇళ్ళూ వున్నాయి. ఆ మాట అనేముందు ఈ చదరంగపు సంఖ్యను పిల్ల ముందు పెట్టండి, మెట్లు దిగి చూడమనండి. 257 చేరేసరికి ఆ భయం సగం పోతుంది. 67 గళ్ళ దగ్గర ఆగిపోతే ఫరవాలేదు, అక్కడ మహామహులే ఆగిపోయారు. ఆగింది లెక్క బరువుకా, తన చేతగానితనానికా అన్నది మాత్రం పిల్లకు తెలియాలి. అది తెలియకే చాలామంది పుస్తకం మూసేస్తున్నారు.

బహుమతులు అందుకున్న పిల్లలకు నా వంతుగా ఒక లెక్క యిస్తున్నాను. చదరంగం బల్ల 64 గళ్ళు కాక 60 గళ్ళు అయితే, మొత్తం గింజలను ఎన్ని ముక్కలు చేయగలరు? అరవైని ఎన్ని రకాల వరుసలుగా పేర్చవచ్చో ముందు చూసుకోండి. జవాబు తెచ్చినవారికి వచ్చే ఏడు సభలో ఈ వేదిక మీద, బోర్డు ముందు, కోల్ దొరలాగ మాట్లాడకుండా చేసి చూపించే అవకాశం యిప్పించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.